తలకిందుల త్రికోణం ఎఫ్ఐఆర్‌లో ఎందుకుండదు?

బహిరంగ లేఖ

నగర ట్రాఫిక్ పోలీసు అధికారులకు, రోడ్డు ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎస్సైలకు, నగరపాలక సంస్థ రోడ్ల ఇంజనీర్లకు, బీమా కంపెనీల క్లెయిమ్ విభాగాలవారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక కోర్టు గేటుకు ఎదురుగా జిరాక్స్, టైపింగ్ షాపు నడుపుతాను. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. వకీళ్ళ గుమాస్తాలు తెచ్చే మోటారు ప్రమాదాల ఓపీలు, అంటే పరిహారం కోసం కోర్టులో వేసే పిటిషన్లు, లెక్కలేనన్ని టైప్ చేశాను. ఈ లేఖ అక్కడక్కడా ఓపీలాగా అనిపిస్తే మన్నించండి, చేతికి అదే అలవాటు.

‘దారి ఇవ్వండి’ అని చెప్పే తలకిందుల త్రికోణం బోర్డు రోడ్డు మీద కనిపించకపోవడం, ప్రమాదం కాగితాల్లో దాని ఊసే లేకపోవడం గురించి ఈ లేఖ. ఇదే విషయం మీద ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టాను. ఒకటి స్టేషన్‌లో ఇచ్చాను. తీసుకుని బల్ల మీద పెట్టుకున్నారు, అంతే. రెండోది ఒక సోమవారం నాడు నగరపాలక సంస్థ ఆఫీసులో ఇచ్చాను. రసీదు నంబరు వచ్చింది, పన్నెండు రోజులకు ఫోనుకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. సంతోషంగా వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ మారలేదు. మూడోది బీమా కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు ఆన్‌లైన్‌లో చూపిస్తోంది, జవాబు మాత్రం లేదు. విడివిడిగా చెబితే ప్రతివారూ ‘అది మా పని కాదమ్మా’ అంటున్నారు కాబట్టి, అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

జరిగింది ముందు చెబుతాను.

మా ఆయనకు 38 ఏళ్ళు. సొంత కారునే క్యాబ్‌గా నడుపుతారు. కిందటేడాది లాల్‌దర్వాజ బోనాలు అయిన వారానికి, పొద్దున ఆరున్నరకు, ఎయిర్‌పోర్టు బేరం ఒకటి దింపేసి ఖాళీ బండితో నాగోలు దాటి ఉప్పల్ వైపు వస్తున్నారు. ఎడమ పక్క కాలనీ రోడ్డులోంచి ఒక పెద్ద కారు ఆగకుండా మెయిన్ రోడ్డెక్కింది. ఎక్కిన కారు సూటిగా మా బండి ఎడమ ముందు డోరుకు తగిలింది. ఆ తోపుకు మా కారు డివైడర్ ఎక్కి, మెట్రో పిల్లర్‌కు రెండడుగుల దూరంలో ఆగింది. స్టీరింగ్ కింద ఉండే ప్లాస్టిక్ భాగం మా ఆయన కుడి మోకాలికి కొట్టుకుని మోకాటి చిప్ప మూడు ముక్కలైంది.

ఆ కారతను మంచివాడే. పారిపోలేదు. ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకొచ్చింది కూడా అతనే. ‘అన్నా, మీరు వస్తున్నారని అనుకోలేదు’ అని రెండుమూడు సార్లు అన్నాడట. పదిహేను రోజుల తరవాత, బహుశా ఎవరో చెప్పి ఉంటారు, అదే మాట ‘క్యాబ్ అతివేగంగా వచ్చింది’ అయింది. అయినా అతని మీద నాకు పెద్దగా కోపం లేదు, ఎందుకో కింద చెబుతాను.

డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక, ఒక ఆదివారం మా అబ్బాయిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. కాలనీ రోడ్డు మొదట్లో ఒక వేపచెట్టు. చెట్టు పక్కన రెండు బొంగుల మధ్య బోనాల శుభాకాంక్షల ఫ్లెక్సీ. అందులో పదిహేను ఇరవై ముఖాలు. ఫ్లెక్సీ కింది అంచు దగ్గర ఎర్రటి అంచున్న తెల్లటి మొన ఒకటి వేలాడుతున్నట్టు కనిపించింది. మావాడు ఫ్లెక్సీ ఎత్తి పట్టుకుంటే, దాని వెనక నిండు బోర్డు: తలకిందుల త్రికోణం, తెల్లటి నేల, ఎర్రటి అంచు. ‘దారి ఇవ్వండి’ బోర్డు. కింద రోడ్డు మీద వేసిన అడ్డ గీతల్లో రెండు ముక్కలు మిగిలాయి, మిగతావి కేబుల్ కోసం తవ్వి పూడ్చిన మట్టిలో కలిసిపోయాయి. టేపు పెట్టి కొలిచాం. మెయిన్ రోడ్డు అంచు నుంచి బోర్డు కర్ర దాకా పదకొండు అడుగులు. ఫొటోలు తీసుకున్నాం. ఫ్లెక్సీ ఎత్తి ఒకటి, దించి ఒకటి.

తరవాత ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకున్నాను. మొదట బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281, మామూలు గాయానికి పెట్టే 125(ఎ) పెట్టారు, గాయం ఎంతటిదో డాక్టరు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్ వచ్చాక తీవ్ర గాయానికి పెట్టే 125(బి)కి మార్చారు. అంతవరకూ బాగానే ఉంది. లోపల రాసింది మాత్రం నాకు చదవకుండానే తెలుసు: ‘సదరు కారు డ్రైవర్ తన వాహనమును అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి...’ ఈ వాక్యం నా కంప్యూటర్‌లో షార్ట్‌కట్‌గా పెట్టుకున్నాను. రెండు అక్షరాలు కొడితే వాక్యమంతా పడుతుంది. లారీ గుద్దినా అదే, ఆటో గుద్దినా అదే, రాంగ్ రూట్లో వచ్చిన బైకు అయినా అదే. పంతొమ్మిదేళ్ళలో ‘దారి ఇవ్వవలసిన చోట ఇవ్వలేదు’ అన్న మాట ఎప్పుడైనా టైప్ చేశానా అని ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రావడం లేదు.

పంచనామాతో పాటు ఉండే రఫ్ స్కెచ్ చూశాను. రెండు నిలువు గీతలు, పక్క నుంచి కలిసే ఇంకో జత గీతలు, ఉత్తరం బాణం, ఒక ఇంటూ మార్కు, మెట్రో పిల్లర్ నంబరు. పిల్లర్ నంబరు రాసినవారు పదకొండు అడుగుల దూరంలోని బోర్డును రాయలేదు. అది కనిపించి ఉండదు కూడా, ఫ్లెక్సీ వెనక ఉంది కదా!

కేసు కోర్టులో నడుస్తోంది కాబట్టి తీర్పు ఎలా రావాలన్నది నేను మాట్లాడను. కానీ ఆ కారు బీమా కంపెనీ జవాబుగా వేసిన కౌంటర్‌లో ‘కూడలి వద్ద క్యాబ్ డ్రైవర్ సైతం వేగం తగ్గించలేదు, ఇరువురిదీ సమాన నిర్లక్ష్యం, కావున 50 శాతం’ అని ఉంది. రాజీకి పిలిచినప్పుడు కూడా అదే మాట: సగం సగం. ఇదేదో మా ఇంటి గొడవ అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. ఈ సగం సగం అన్న మాటను ఎంతమంది ఓపీల్లో టైప్ చేశానో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఇక నా మనవి వరస నంబర్లతో.

1. దారి ఎవరిది అన్నది చట్టంలో ఉంది, మన రోడ్డు మీదే లేదు.

స్టాప్ బోర్డు ఎనిమిది మూలల ఎర్ర పలక. దాని దగ్గర ఎవరూ రాకపోయినా ఆగాలి. ‘దారి ఇవ్వండి’ బోర్డు దగ్గర స్లో చేయాలి, మెయిన్ రోడ్డు మీద బండి వస్తుంటే ఆగాలి, లేకపోతే పోవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 119 ప్రకారం రెండూ పాటించి తీరాల్సినవే. ఇష్టముంటే పాటించే సలహాలు కావు. బోర్డు లేని చోట కూడా రూలు ఉంది. 1989 నాటి రోడ్డు నియమాల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ ఉన్నదొకటే: చిన్న రోడ్డు నుంచి మెయిన్ రోడ్డులో కలిసేవాడు మెయిన్ రోడ్డు మీద వెళ్ళేవాడికి దారి ఇవ్వాలి. రెండూ సమానమైన రోడ్లయితే కుడి పక్క నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి.

మన ఊళ్ళో అమలయ్యే రూలు వేరు. ముందు మూతి దూర్చినవాడిదే దారి. ఫ్రీ లెఫ్ట్ అంటే చూడకుండా తిరగడానికి పర్మిషన్ అనుకుంటాం. సర్వీస్ రోడ్డు నుంచి మెయిన్ రోడ్డుకు, ఫ్లైఓవర్ దిగే చోట, సిగ్నల్ తీసేసి పెట్టిన యూటర్న్ దగ్గర, రింగ్ రోడ్డు ర్యాంపు దిగి ఊరి రోడ్డులో కలిసే చోట జరిగేది ఇదే. లెర్నింగ్ లైసెన్సు పరీక్షలో ఆ త్రికోణం బొమ్మను గుర్తుపట్టి టిక్కు పెట్టినవాళ్ళమే అందరం. నేనూ పెట్టాను. స్కూటీ ఎక్కాక దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు, ఆ ఆదివారం దాకా.

2. చట్టంలోనే ఒక ఖాళీ ఉంది.

2019 సవరణలో ప్రమాదకరమైన డ్రైవింగ్ అంటే ఏమిటో సెక్షన్ 184 కింద విడమరచి చెప్పారు. రెడ్ లైటు దాటడం, స్టాప్ బోర్డును లెక్కచేయకపోవడం, సెల్‌ఫోన్ పట్టుకుని నడపడం, రూలుకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, రాంగ్ రూట్ - ఇవన్నీ పేరుపేరునా ఉన్నాయి. ‘దారి ఇవ్వండి’ బోర్డు పేరు లేదు. జాగ్రత్త గల డ్రైవర్ నడిపే తీరుకు చాలా తక్కువగా ఉండే ఎలాంటి డ్రైవింగ్ అయినా అని చివర్లో ఒక మాట ఉంది, అందులో ఇమిడ్చవచ్చు. కానీ పేరు లేనిదాన్ని ఎఫ్ఐఆర్‌లో ఎవరు రాస్తారు? అందుకే అన్నీ ‘అతివేగం, అజాగ్రత్త’ అనే ఒకే సంచీలో పడిపోతాయి. ఆ సంచీలోంచి బీమా కంపెనీ వకీలు తనకు కావలసింది తీసుకుంటారు. ఇద్దరూ అజాగ్రత్తే కదా, సగం సగం.

3. ఆ సగం ఎంతో లెక్క వేసి చూపిస్తాను.

ఇది మా కేసు లెక్క కాదు, ఎవరికైనా వర్తించే ఉదాహరణ. 38 ఏళ్ళ మనిషి, సొంతంగా పని చేసుకుంటూ నెలకు 20,000 సంపాదిస్తున్నాడు. దెబ్బ వల్ల అతను చేసే పనిలో 20 శాతం సామర్థ్యం శాశ్వతంగా పోయిందని కోర్టు నమ్మింది. ఏడాదికి 2,40,000. 40 ఏళ్ళ లోపు సొంత పనివాళ్ళకు రేపు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, దాంతో 3,36,000. 36 నుంచి 40 ఏళ్ళ వయసుకు గుణకం 15 అని 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పులోని పట్టికలో ఉంది. గుణిస్తే 50,40,000. అందులో 20 శాతం 10,08,000. మందుల ఖర్చు, తోడున్న మనిషి ఖర్చు, ఆటోల ఖర్చు, నొప్పికి ఇచ్చేది వేరే.

‘ఇద్దరిదీ సమాన తప్పు’ అని ఒక్క మాట పడితే ఆ 10,08,000 కాస్తా 5,04,000 అవుతుంది. మందుల బిల్లు కూడా సగమే వస్తుంది. మందుల షాపువాడు సగం తీసుకుని ఊరుకోడు కదా.

సంపాదన తక్కువని, వైకల్యం ఎక్కువ రాయించారని బీమా కంపెనీ వాదిస్తే వాదించనీండి, దానికి కాగితాలు ఉంటాయి. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్నదానికి మాత్రం ఒక్క కాగితమూ ఉండదు. ఐదు లక్షల తేడా ఒక రఫ్ స్కెచ్‌లో త్రికోణం గీశారా లేదా అన్నదాని మీద ఆధారపడుతోంది. ప్రమాద పరిహారం తేల్చే ఈ కోర్టుల్లో క్రిమినల్ కేసుల్లోలాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తారు. కాబట్టి స్కెచ్‌లో ఆ గుర్తు ఉంటే దాని బరువు మామూలుగా ఉండదు.

న్యాయంగా మాట్లాడాలంటే, మెయిన్ రోడ్డు మీద వెళ్ళేవాడికీ బాధ్యత ఉంది. కూడలి దగ్గర స్లో కావాలన్నది అతనికీ రూలే. మా ఆయన వేగం ఎంత అన్నది తేలితే, దానికి తగ్గట్టు పదో ఇరవయ్యో శాతం కోత పెట్టండి, కాదనను. కొలవకుండా, చూడకుండా సగానికి కోయడాన్నే తప్పుపడుతున్నాను.

4. తప్పు పూర్తిగా తన మీద పడ్డవాడికి ఏం మిగులుతుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద పరిహారం అడగాలంటే ఎదుటివాడి నిర్లక్ష్యం చూపించాలి. తప్పంతా తనదే అని తేలితే అక్కడ ఏమీ రాదు. బండి ఓనరుకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా అంటారు. అది ప్రాణం పోతేనో, కాలో చెయ్యో కన్నో పూర్తిగా పోతేనో, మంచాన పడితేనో పనికొస్తుంది. మోకాటి చిప్ప మూడు ముక్కలైతే కాదు. తప్పు ఎవరిదైనా సరే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు ఇచ్చే సెక్షన్ 164 ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన కేసు అక్కడితో ముగుస్తుంది. అద్దె కట్టలేక దాన్నే తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళు మా షాపు బెంచీ మీద కూర్చున్నారు. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం ఏడు రోజులకు లక్షన్నర దాకా ఇస్తుంది, చాలా మంచిది. ఎనిమిదో రోజు నుంచి ఇంటి అద్దె, బండి ఈఎంఐ, పిల్లల ఫీజు ఎవరు కట్టాలి?

ఇక్కడే ఒక మాట, చాలామందికి తెలియదు కాబట్టి. కారులో కూర్చున్న ప్రయాణికుడికి ఈ సగం కోత వర్తించదు. ఇద్దరు డ్రైవర్ల తప్పూ కలిసి అతనికి దెబ్బ తగిలితే, ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచైనా మొత్తం పరిహారం అడగవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రాజీ బల్ల దగ్గర ప్రయాణికుల కేసుల్లో కూడా ‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ అనడం నా చెవులతో విన్నాను.

5. కాగితాల గడువులు మనిషి మోకాలి కంటే ముందు పరిగెడుతున్నాయి.

2022 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. అందులో ప్రమాద స్థలం ప్లాన్‌కు విడిగా ఒక ఫారం ఉంది. బాధితుడికి అతని హక్కులేమిటో చెప్పే ఫారం కూడా ఉంది. మాకు ఆ ఫారం ఎవరూ ఇవ్వలేదు. నా షాపులో దాని ఖాళీ కాపీ ఉంది కాబట్టి నేనే మా ఆయనకు చదివి వినిపించాను. పంతొమ్మిదేళ్ళు ఇదే పనిలో ఉన్న ఆడమనిషి ఇంట్లో ఉంటే సరే, లేనివాళ్ళ సంగతేమిటి?

క్లెయిమ్ వేయడానికి చట్టంలో ఆరు నెలలే గడువు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది, అది వేరే సంగతి. మేం ఐదో నెలలో వేశాం. కాలు ప్లాస్టర్‌లో ఉన్న మనిషి ఆరు నెలల్లో వూండ్ సర్టిఫికెట్, చార్జ్‌షీట్, పాలసీ కాపీ, ఆర్సీ కాపీ సంపాదించాలి. ఈలోగా అసలు సాక్ష్యం చెరిగిపోతుంది. ఆ మూల మీద ఒక టిఫిన్ సెంటర్ ఉంది, దాని కెమెరా కాలనీ రోడ్డు మొదలునే చూస్తుంది. నేను వెళ్ళి అడిగేసరికి నాలుగు వారాలైంది. ‘పదిహేను రోజులే ఉంటుందక్కా, పైన కొత్తది ఎక్కుతుంది’ అన్నాడు ఆ అబ్బాయి. మొదటి రోజే పోలీసులు ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి ఉంటే ఈ ఉత్తరంలో సగం రాసే పనే ఉండేది కాదు.

6. బోర్డును దాచినవారి సంగతి.

సెక్షన్ 198-ఎ అని ఒకటి ఉంది, 2019లో వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక మనిషి చనిపోయినా, వికలాంగుడైనా ఆ రోడ్డు బాధ్యత గల అధికారి, కాంట్రాక్టర్, కన్సల్టెంట్ ఎవరైతే వారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. నేను టైప్ చేసిన కాగితాల్లో ఈ సెక్షన్ నంబరు నాకు ఎప్పుడూ తగల్లేదు. కాలనీ రోడ్డు నుంచి వచ్చిన అతనికి బోర్డు కనిపించలేదు. కనిపించి ఉంటే ఆగేవాడేమో, అతని తీరు చూస్తే ఆగేవాడే అనిపిస్తుంది. అతని మీద కోపం లేదన్నది అందుకే. అతన్ని ముద్దాయి చేశారు, మా ఆయన్ని సగం ముద్దాయి చేస్తున్నారు. ఫ్లెక్సీ కట్టినవారు, కట్టనిచ్చినవారు, గీతలు తవ్వి మళ్ళీ వేయనివారు ఏ కాగితంలోనూ లేరు.

7. ఈ బోర్డు పుట్టిందే తప్పెవరిదో తేల్చడానికి.

ఇది నాకు మా ఆడపడుచు కొడుకు చెప్పాడు. డల్లాస్‌లో ఉంటాడు, మామయ్య కాలు విరిగిందని ఫోన్ చేసినప్పుడు మాటల్లో వచ్చింది. వెతికి చూస్తే నిజమే. 1950లో అమెరికాలోని టల్సా నగరంలో క్లింటన్ రిగ్స్ అనే పోలీసు అధికారి ఇలాంటి బోర్డును మొదటిసారి నిలబెట్టాడు. కూడలిలో బండ్లను అదుపు చేయడం ఒక్కటే అతని ఉద్దేశం కాదు. గుద్దుకుంటే బాధ్యత ఎవరిదో ముందే తేలిపోవాలన్నది కూడా. అంటే ఈ బోర్డును కనిపెట్టింది మీవాడే, ఒక పోలీసు! టెక్సాస్ రాష్ట్ర రవాణా చట్టంలో ఇంకాస్త ముందుకెళ్ళారు. ఈ బోర్డు దగ్గర ఆగకుండా దాటి కూడలిలో ఇంకో బండితో గుద్దుకుంటే, దారి ఇవ్వలేదనడానికి ఆ గుద్దుకోవడమే ప్రాథమిక సాక్ష్యం. కాదని రుజువు చేసుకోవాల్సింది బోర్డు దాటినవాడు. అలాగని అక్కడ అంతా ధర్మరాజుల పాలన అని కాదు. ఆ రాష్ట్రంలోనే సగానికి మించి తప్పు తనదని తేలితే గాయపడ్డవాడికి పైసా రాదు. మన దగ్గర అంత కఠినం లేదు, అది మనకు మేలే. మనకు లేనిది ఆ మొదటి మెట్టు: బోర్డు ఉందా, ఎవరి వైపు ఉంది, కనిపించేలా ఉందా అని అడగడం.

ఇప్పుడు నేను అడుగుతున్నవి.

దర్యాప్తు చేసే ఎస్సైలకు: సిగ్నల్ లేని కూడలిలో జరిగిన ప్రతి ప్రమాదానికీ స్థలం ప్లాన్‌లో నాలుగు సంగతులు రాయండి. ‘దారి ఇవ్వండి’ లేదా స్టాప్ బోర్డు ఉందా, ఏ రోడ్డు వైపు తిరిగి ఉంది, రోడ్డు అంచుకు ఎంత దూరం, డ్రైవర్‌కు కనిపించే స్థితిలో ఉందా. ఎవరు మెయిన్ రోడ్డు మీద ఉన్నారు, ఎవరు కలుస్తున్నారు అన్నది ఎఫ్ఐఆర్‌లో ఒక్క వాక్యంగా రాయండి. ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అన్న వాక్యాన్ని తీసేయమనడం లేదు, దానికి పక్కన ఇంకో వాక్యానికి చోటివ్వండి. చుట్టుపక్కల షాపుల కెమెరా ఫుటేజీ మొదటి రెండు రోజుల్లో తీసుకోండి. బాధితుడి హక్కుల ఫారం తెలుగులో, ఉర్దూలో చేతికివ్వండి.

ట్రాఫిక్ అధికారులకు: హెల్మెట్ చలాన్ల కోసం ఫొటోలు తీసే శ్రద్ధలో నాలుగో వంతు ఈ త్రికోణాల దగ్గర పెట్టండి. ఒక్క నెల, ఫ్రీ లెఫ్ట్‌ల దగ్గర, యూటర్న్‌ల దగ్గర ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో మైకులో చెప్పించండి. చలాన్ వేయకపోయినా సరే, చెబితే వింటారు. సెక్షన్ 184లో ఈ బోర్డు పేరు కూడా చేర్చాలని పై వాళ్ళకు రాయాల్సింది మీరే. నేను రాస్తే టైపిస్టు ఉత్తరం అవుతుంది, మీరు రాస్తే ఫైలవుతుంది.

రోడ్ల ఇంజనీర్లకు: కాలనీ రోడ్లు మెయిన్ రోడ్డులో కలిసే చోట్ల బోర్డులను ఒక్కసారి లెక్కపెట్టి, ఆ జాబితాను మీ ఆఫీసు గోడ మీద అంటించండి. బోర్డు ముందు ఫ్లెక్సీ కడితే కట్టినవారి మీద కేసు పెట్టండి, ఆ ఫ్లెక్సీలో ఎవరి ముఖం ఉన్నా సరే. కేబుల్ కోసం తవ్విన కాంట్రాక్టర్‌కు బిల్లు ఇచ్చే ముందు గీతలు మళ్ళీ వేశాడో లేదో చూడండి. ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ పంపే ముందు ఒక ఫొటో జతచేయండి. తీసిన తేదీ కనిపించే ఫొటో.

బీమా కంపెనీలవారికి: పోలీసు నివేదిక చూశాక 30 రోజుల్లో రాజీ మొత్తం ఎంతో చెప్పాలని సెక్షన్ 149 చెబుతోంది. చెప్పండి. ‘సమాన నిర్లక్ష్యం’ అని కౌంటర్‌లో రాసే ముందు మీ ఇన్వెస్టిగేటర్‌ను ఒక్కసారి ఆ కూడలికి పంపండి. వెళ్ళిచూస్తే మీకే పనికొచ్చే సంగతి దొరకవచ్చు. తప్పు మా ఆయనదే అనడానికి ఆధారం దొరికితే అది కూడా పెట్టండి. ఊరికే సగం అనకండి.

మా ఆయన ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. బ్రేకు మీద కాలు పెట్టి ఎక్కువసేపు కూర్చుంటే మోకాలు పట్టేస్తుంది. అందుకని రోజుకు ఆరు బేరాలు తీసుకునేవారు మూడుతో ఆపేస్తున్నారు. కాలనీ రోడ్డు కనిపించిన చోటల్లా, మెయిన్ రోడ్డు మీద ఉన్నా సరే, స్లో చేసి ఎడమ వైపు చూస్తారు. వెనకున్నవాళ్ళు హారన్ కొడతారు.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. బోనాల ఫ్లెక్సీ తీసేశారు. దాని స్థానంలో దసరాది కట్టారు.

రెండు ఆదివారాల ఫొటోలు, టేపు కొలతలు, రఫ్ స్కెచ్ కాపీ, మూడు అర్జీల కాపీలు ఒక ఫైల్లో పెట్టి షాపులో ఉంచాను. ఆదివారం తప్ప రోజూ పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడే ఉంటాను. మీలో ఎవరు వచ్చి అడిగినా కాపీ తీసిస్తాను. జిరాక్స్ డబ్బులు అక్కర్లేదు.

ఇట్లు,
కోర్టు గేటు ఎదుట జిరాక్స్ షాపు నడిపే ఒక క్యాబ్ డ్రైవర్ భార్య,
హైదరాబాద్